కషాయం నుంచి కాషాయం దాకా

విజయనగరం పట్టణానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో రామతీర్థం ఉన్నది. అక్కడి శ్రీరామాలయం వల్ల ఆ ఊరి పేరు ఉత్తరాంధ్ర ప్రజలందరికీ పరిచితమే. అయితే ఆ ఊరి కొండలకు మరొక చరిత్ర కూడా ఉన్నది. బోధికొండ మీద జైన శిల్పాలు కనిపిస్తాయి. గురుభక్తుల కొండ మీద ఇటుకలతో కట్టిన స్తూపం, చైత్యాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో ఆ విహారాలలో బౌద్ధ భిక్షువులు నివసించారు. వారు ఏమి చదివారో, ఏమి బోధించారో ఊహించడానికి మనం ప్రయత్నిస్తాం. వారు ధరించిన వస్త్రాలకు ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. ఆ చిన్న ప్రశ్న వెంట నడిస్తే అడవిలోని కరక్కాయ దగ్గరకు, వంటింటిలోని ఉల్లిపొట్టు దగ్గరకు, రసాయనశాస్త్రంలోని ఒక ముఖ్యమైన సూత్రం దగ్గరకు చేరుకుంటాం.

బౌద్ధసంఘ నియమాలను తెలిపే పాళీ వినయపిటకంలో మహావగ్గం అనే భాగం ఉన్నది. అందులో చీవరాల గురించి, అంటే భిక్షువుల వస్త్రాల గురించి ఒక ప్రత్యేక ప్రకరణమే కనిపిస్తుంది. నార, నూలు, పట్టు, ఉన్ని, జనుము మొదలైన ఆరు విధాల బట్టలను భిక్షువులు ధరించవచ్చు. మొదట కొందరు పేడతోను, పచ్చమట్టితోను బట్టలకు రంగు వేసుకొన్నారట. అవి చూడటానికి వికారంగా ఉండటంతో బుద్ధుడు ఆరు విధాల రంగులను అనుమతించాడు. వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, కాయ అనేవి ఆ రంగులకు మూలాలు. ఉడికించని రంగు వేసిన బట్టలు దుర్వాసన కొట్టాయి. అందువల్ల రంగును కాచాలన్నారు. కాచేటప్పుడు కుండ పొంగింది. దానికొక ఉపాయం చెప్పారు. రంగు పక్వమైనదో లేదో తెలియలేదు. ఒక చుక్కను నీటిలోనో, గోటి మీదనో వేసి చూడమన్నారు. ఆరవేసిన బట్టలో రంగంతా ఒకవైపునకే జారింది. మాటిమాటికి తిప్పుతూ ఉండాలని, చుక్కలు కారడం ఆగేవరకు అక్కడినుంచి కదలరాదని నియమం వచ్చింది. మతగ్రంథంలో ఇంతటి పనివివరం ఉండటం ఆశ్చర్యకరం. నేటికీ ఇంటిలో ఉన్నికి రంగు వేసేవారికి ఎదురయ్యే చిక్కులు దాదాపు ఇవే.

ఆ ఆరు మూలాలకు మన ప్రాంతంలో ఉదాహరణలు వెదకడం కష్టం కాదు. వేరులో చిరివేరు, మంజిష్ఠ ఉన్నాయి. మానులో చండ్రచెక్క, బెరడులో తుమ్మ, ఆకులో గోరింట, నీలి ఉన్నాయి. పువ్వులో మోదుగ, కాయలో కరక్కాయ, దానిమ్మ తొక్క ఉన్నాయి. నేడు ఇళ్లలో రంగు కోసం ఎక్కువగా వాడే బంతిపువ్వు మాత్రం ఆ భిక్షువులకు తెలియదు. అది అమెరికా ఖండం నుంచి ఐరోపా నావికుల కాలంలో మన దేశానికి వచ్చిన పూవు. ఇప్పుడు బంతి లేని సంక్రాంతిని ఊహించలేము గాని, దాని మన దేశపు వయస్సు అయిదు వందల ఏండ్లకు మించదు.

సన్న్యాసులు ధరించే వస్త్రాన్ని కాషాయం అంటాం. ఈ మాట కషాయం నుంచి పుట్టింది. కషాయమంటే మొక్కల భాగాలను నీటిలో కాచి దించిన రసమని మనకు తెలుసు. సంస్కృతంలో దానికి మరొక అర్థం కూడా ఉన్నది. షడ్రుచులలో ఒకటైన వగరును కషాయరసమంటారు. ఉగాది పచ్చడిలోని మామిడిపిందె నాలుకకు చూపించే రుచి అది. కాచిన రసం, వగరు రుచి, ఎరుపు కలసిన గోధుమరంగు వస్త్రం - ఈ మూడింటికీ ఒకే మాట మూలం కావడం కాకతాళీయం కాదు. అద్దకపు రహస్యం ఆ వగరులోనే ఉన్నది.

కరక్కాయ ముక్కను నమిలితే నోరు పిడచకట్టుకొనిపోయినట్లు అవుతుంది. కరక్కాయలోని టానిన్ అనే పదార్థం మన లాలాజలంలోని మాంసకృత్తులతో, అనగా ప్రోటీన్లతో, కలసి గట్టిపడటమే దానికి కారణం. పచ్చితోలును కుళ్లిపోకుండా చర్మంగా మార్చడానికి తంగేడు బెరడును వాడే పద్ధతి తెలుగునాట ఎంతో కాలంగా ఉన్నది. అక్కడ జరిగేదీ ఇదే. తోలులోని మాంసకృత్తులను టానిన్ పట్టి బిగిస్తుంది. నాలుక మీద క్షణకాలం జరిగేది తోలు మీద శాశ్వతంగా జరుగుతుందన్నమాట. వగరు ఒక రుచి మాత్రమే కాదు, ఒక పట్టు. పూర్వపు అద్దకందారుకు ప్రయోగశాల లేదు, నాలుక ఉన్నది.

ఉన్ని కూడా మాంసకృత్తే. గొర్రె ఒంటి మీది ఉన్ని, మన తలవెంట్రుక, మన గోరు - ఇవన్నీ కెరాటిన్ అనే ప్రోటీనుతో ఏర్పడినవి. ఆషాఢమాసంలో గోరింటాకు పెట్టుకొన్నప్పుడు అరచేతి ఎరుపు కొద్దిరోజులలో పోతుంది. గోటి ఎరుపు గోరు పెరిగి కత్తిరించేదాకా పోదు. చర్మపు పైపొర రాలిపోతుంది, గోరు రాలిపోదు, అంతే తేడా. గోరింటలోని వర్ణకం కెరాటిన్‌తో నేరుగా బంధం ఏర్పరచుకొంటుంది. అందుకే గోరింటాకు కాచిన నీటిలో తెల్లని ఉన్నిని వేస్తే, మరే పదార్థం సాయం లేకుండానే, నారింజ కలసిన గోధుమరంగు పట్టుకొంటుంది. పత్తి అలా కాదు. పత్తినూలు సెల్యులోజ్ అనే పిండిపదార్థపు జాతికి చెందినది. దానికి అటువంటి ఆకర్షణ తక్కువ. ఒకే గిన్నెలో ఉన్ని, పత్తి రెండూ కలిపి ఉడికిస్తే, ఉన్నికి ముదురు రంగు, పత్తికి వెలిసిన రంగు రావడం ఈ కారణం వల్లనే.

అన్ని వర్ణకాలూ గోరింటలాంటివి కావు. చాలావాటికి మధ్యవర్తి కావలసి ఉంటుంది. ఆ మధ్యవర్తిని వర్ణబంధకం అంటారు. ఆంగ్లంలో దీనిని మోర్డెంట్ అంటారు. కరవడం అనే అర్థంగల ఫ్రెంచి ధాతువు నుంచి ఆ మాట వచ్చింది. మన ఇళ్లలో దొరికే ఉత్తమమైన వర్ణబంధకం పటిక. క్షురకులు గడ్డం గీసిన తరువాత రాసేదీ, బురదనీటిని తేర్చడానికి వేసేదీ ఈ పటికే. ఇందులోని అల్యూమినియం ఒక చేతితో ఉన్నిని, మరొక చేతితో వర్ణకాన్ని పట్టుకొంటుంది. ఆ రెండు చేతుల పట్టు ఏర్పడినప్పుడే రంగు ఉతుకుకు నిలుస్తుంది. అంటుకోవడం వేరు, పట్టుకోవడం వేరు.

పత్తికి సహజంగా లేని ఈ గుణాన్ని మన కోరమాండల్ తీరపు అద్దకందారులు ఎలా తెచ్చిపెట్టారో చూస్తే వారి మేధ ఎటువంటిదో తెలుస్తుంది. తెలుగు-ఫ్రెంచి నిఘంటువును కూడా కూర్చిన కెర్దూ అనే ఫ్రెంచి మతగురువు, 1742లో తన దేశానికి రాసిన లేఖలో ఈ పద్ధతిని వివరించాడు. బట్టను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టేవారు. కరక్కాయ వగరును, పాలు మాంసకృత్తును, కొవ్వును ఇస్తాయి. కొవ్వు వల్ల కలంతో గీసిన గీత పక్కకు పాకదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాల వినియోగం నేటికీ కొనసాగుతున్నది. ఒకవిధంగా చెప్పాలంటే, జంతువు నుంచి వచ్చిన ఉన్నికి పుట్టుకతో ఉన్న గుణాన్ని వారు చెట్టు నుంచి వచ్చిన పత్తికి అరువు తెచ్చారు.

ఆ బట్టల మీది ఎరుపు చిరివేరుది. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చి వర్తకం ప్రారంభించడానికి ఈ అద్దకపు బట్టలు ఒక ప్రధాన కారణం. ఉతికేకొద్దీ మెరుగు తేలే ఎరుపును ఐరోపావారు అంతకు మునుపు బట్ట మీద చూడలేదు. అయితే రసాయనశాస్త్రం ముందుకు సాగింది. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేండ్ల విద్యార్థి, మలేరియా మందు కోసం ప్రయత్నిస్తూ, తారు నుంచి ఊదారంగును సాధించాడు. 1869 నాటికి, ఎర్రని వేళ్లలో ఉండే అలిజరిన్ అనే వర్ణకం ప్రయోగశాలలో తయారయింది. 1897లో కృత్రిమ నీలిమందు విపణిలోకి వచ్చింది. చిరివేరు తవ్వేవారికి, నీలి సాగుచేసేవారికి పని లేకుండాపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మచిలీపట్నం, పెడన ప్రాంతాల అద్దకంలో నేడు ఎరుపు కోసం చిరివేరుకు బదులు అలిజరిన్ వాడటం సాధారణమే. కాని బట్టకు కరక్కాయ, పటిక పట్టించడం మాత్రం మారలేదు. వేరు పోయినా వగరు పోలేదు. చిరివేరులోని అలిజరిన్‌కు, కర్మాగారంలోని అలిజరిన్‌కు అణునిర్మాణంలో భేదం లేదు. కాబట్టి సహజమైనదంతా మంచిది, కృత్రిమమైనదంతా చెడ్డది అనే మాట శాస్త్రానికి నిలవదు. కృత్రిమ రంగులలో కొన్ని ప్రమాదకరమైనవి ఉన్న మాట నిజం. కొన్ని అజో రంగులు శరీరంలో విచ్ఛిన్నమై క్యాన్సర్ కారక పదార్థాలను విడుదల చేస్తాయని తేలడంతో, 1994లో జర్మనీ వాటి వాడకాన్ని నిషేధించింది. 1997లో మన ప్రభుత్వం కూడా అటువంటి రంగులను నిషేధించింది. ఈ పరిణామాల తరువాత మొక్కల రంగుల వైపు మళ్లీ చూపు మళ్లింది.

అప్పటికే ఆ పనిలో ఉన్న ఊరు ఉత్తరాంధ్రలోనే ఉన్నది. వరాహనది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో లక్కబొమ్మల కళాకారుడు సి.వి. రాజు, పసుపు, జాఫ్రా గింజలు, నీలి మొదలైన వాటి నుంచి తీసిన రంగులను లక్కలో కలిపే పద్ధతులను దశాబ్దాలపాటు అభివృద్ధి చేశారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించాయి. బొమ్మలను చెక్కే అంకుడు కర్రకు వృక్షశాస్త్రంలో రైటియా టింక్టోరియా అని పేరు. టింక్టోరియా అంటే అద్దకానికి పనికివచ్చేదని అర్థం. ఆ చెట్టు ఆకులలోనే నీలివర్ణం దాగి ఉన్నది.

ఇక ఉన్ని సంగతి. కోస్తా ప్రాంతంలో కనిపించే నెల్లూరు జాతి గొర్రెలకు ఒంటి నిండా వెంట్రుకలే గాని అల్లికకు పనికివచ్చే ఉన్ని ఉండదు. తెలంగాణలోను, రాయలసీమలోను ఉండే దక్కని గొర్రెల నల్లని ఉన్నితో కురుమలు, కురుబలు గొంగళ్లు నేస్తారు. పడుగు దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు. గొర్రె ఇచ్చిన నలుపే గొంగడికి రంగు. కనుక ఇంట్లో ప్రయోగం చేయదలచినవారు దుకాణంలో దొరికే తెల్లని అల్లిక ఉన్నిని తీసుకోవాలి. ఉన్ని పేరుతో అమ్మేదంతా ఉన్ని కాదు. చిన్న పోగును పట్టకారుతో పట్టుకొని వెలిగిస్తే, నిజమైన ఉన్ని వెంట్రుక కాలిన వాసనతో కాలి, వేళ్ల మధ్య నలిగే బూడిద అవుతుంది. కృత్రిమమైన అక్రిలిక్ దారం కరిగి గట్టి పూసలా మారుతుంది. దానికి ఏ మొక్క రంగూ సరిగా పట్టదు.

వంద గ్రాముల ఉన్నికి సరిపడే పద్ధతిని చెప్పుకొందాం. దారాన్ని వదులైన చిలపగా చుట్టి, చిక్కుపడకుండా నాలుగు చోట్ల వదులుగా కట్టాలి. గోరువెచ్చని కుంకుడు రసంలో నానబెట్టి జిడ్డు పోగొట్టాలి. రుద్దకూడదు, పిండకూడదు. ఉన్ని పోగు మీద చేపపొలుసుల వంటి సన్నని పొలుసులు ఉంటాయి. హఠాత్తుగా వేడి మారినా, గట్టిగా కలియబెట్టినా అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని దారం అట్టకడుతుంది. తరువాత దానిని విడదీయడం ఎవరి తరమూ కాదు. ఉన్నితో పనిచేసేవారికి ఓర్పే అన్నింటికంటె ముఖ్యమైన పరికరం.

పన్నెండు గ్రాముల పటికపొడిని కొద్దిపాటి వేడినీటిలో కరిగించి, నాలుగైదు లీటర్ల నీటిలో కలపాలి. స్టీలు గిన్నె వాడటం మంచిది. ఇనుప, రాగి, అల్యూమినియం పాత్రలు తామే వర్ణబంధకాలై రంగును మార్చివేస్తాయి. రంగుకు వాడిన గిన్నెను మళ్లీ వంటకు వాడరాదు. తడిపిన ఉన్నిని అందులో ఉంచి, సన్నని సెగ మీద నెమ్మదిగా వేడిచేయాలి. నీటి నుంచి ఆవిరి లేస్తూ ఉండాలి, తెర్లకూడదు. సుమారు 80 డిగ్రీల వేడి దగ్గర ముప్పావుగంట నుంచి గంట వరకు ఉంచి, అదే నీటిలో చల్లారనివ్వాలి.

ఈలోగా మరొక గిన్నెలో రంగు కాచుకోవచ్చు. పండుగ మరునాడు గుమ్మం నుంచి దించిన బంతిపూల తోరణం ఇందుకు చక్కగా సరిపోతుంది. రెండు మూడు వందల గ్రాముల పూలను గంటసేపు మరిగించి వడగట్టాలి. కషాయం చల్లారిన తరువాత పటిక పట్టించిన ఉన్నిని అందులో ముంచి, మళ్లీ నెమ్మదిగా వేడిచేసి, ముప్పావుగంట ఉంచాలి. రాత్రంతా అందులోనే వదిలివేస్తే రంగు ఇంకా చిక్కనవుతుంది. తరువాత అంతే వేడిగల నీటితో జాడించి, నీడలో ఆరబెట్టి, మహావగ్గంలో చెప్పినట్లు మధ్యమధ్య తిప్పుతూ ఉండాలి. మెరిసే పసుపురంగు వస్తుంది. పూలకు బదులు యాభై గ్రాముల ఎండిన ఉల్లిపొట్టు వేస్తే నారింజ, రాగి ఛాయలు వస్తాయి. దానిమ్మ తొక్కలో టానిన్ సమృద్ధిగా ఉంటుంది కాబట్టి, పటిక లేకపోయినా అది కొంత రంగును పట్టిస్తుంది. పారవేసే వస్తువులతో ఇంత పని జరగడం ఈ విద్యలోని ఆకర్షణ.

కొన్ని వస్తువులు మాత్రం కంటిని మోసగిస్తాయి. బీట్‌రూటు రసాన్ని మించిన ఎరుపు వంటింటిలో లేదు. కాని ఉన్ని మీద అది ఉతుకుకు, వెలుగుకు నిలవదు. పసుపు వెంటనే పట్టుకొంటుంది, పటికను కూడా అడగదు. అయితే ఎండ తగిలితే వేగంగా వెలిసిపోతుంది. దానికి సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణిలో కనిపించే మార్పు అదే. రసాయన ప్రయోగశాలలో ఆమ్ల, క్షారాలను పరీక్షించడానికి పసుపు కాగితాన్ని వాడేదీ అందువల్లనే. ఎంత మెరిసింది అనేది రంగుకు పరీక్ష కాదు, ఎంతకాలం నిలిచింది అనేదే పరీక్ష.

వగరుకు ఇనుము తోడైతే మరొక వింత జరుగుతుంది. కలంకారీలో నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో రెండు మూడు వారాలు పులియబెట్టి కసిం తయారుచేస్తారు. లేత రంగులో ఉండే ఆ ద్రవం కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది. ఇనుము, టానిన్ కలసి ఏర్పడే ఆ నల్లని పదార్థమే పూర్వపు సిరాలకు కూడా ఆధారం. దానిమ్మ తొక్క రంగు వేసిన ఉన్నిని ఇటువంటి నీటిలో కొద్దిసేపు ముంచితే ఆకుపచ్చ కలసిన బూడిదరంగు వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ఉన్ని గరుకెక్కి పెళుసవుతుంది. ఇనుమును ఉప్పులాగా వాడాలి, పప్పులాగా కాదు.

కళాశాల ప్రయోగశాలలో అందుబాటులో ఉన్నదని పొటాషియం డైక్రోమేట్‌ను వర్ణబంధకంగా వాడాలనే ఆలోచన కొందరికి కలగవచ్చు. పాత పుస్తకాలలో అది కనిపిస్తుంది కూడా. అది విషపదార్థం, క్యాన్సర్ కారకం. దానిని ఇంటికి తేరాదు. పటికపొడి ముక్కులోకి పోకుండా చూసుకోవాలి. గాలి ఆడే చోట పొయ్యి పెట్టుకోవాలి. తెలియని అడవి మొక్కలను కాచరాదు. మొక్కల రంగు అనగానే నిరపాయమని అనుకోరాదు. ఆ ఆరు మూలాలలో వేరు, బెరడు ఎక్కువగా తీస్తే మొక్కే చనిపోతుంది. పువ్వు, కాయ, రాలిన ఆకు తీసుకొంటే చెట్టు మిగులుతుంది. ఉత్తరాంధ్ర మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చే అటవీ ఫలాలలో కరక్కాయ ఒకటి. గిరిజన సహకార సంస్థ దానిని కొనుగోలు చేస్తుంది. ఎండిన కాయగా అమ్మినదానికంటె, దాని పనితనం తెలిసినవారి చేతిలో దాని విలువ ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ విలువ ఏరినవారి ఊరికి కూడా చేరవలసి ఉన్నది.

రంగు వేసిన ప్రతి దారపు ముక్కనూ ఒక అట్టకు చుట్టి, ఏ మొక్క, ఎంత పటిక, ఎంతసేపు కాచినది పక్కన రాసి ఉంచుకోవాలి. ఆ అట్టలో సగభాగాన్ని నల్లకాగితంతో కప్పి, ఎండ పడే కిటికీలో రెండు వారాలు ఉంచాలి. తరువాత కాగితం తీసి రెండు సగాలనూ పోల్చి చూడాలి. పసుపు దాదాపు మాయమవుతుంది. బంతి కొంత తగ్గుతుంది. మంజిష్ఠ వేరు ఎరుపులో మాత్రం కప్పిన సగానికీ, కప్పని సగానికీ తేడా కనిపెట్టడానికి కళ్లు చికిలించి చూడవలసి వస్తుంది.